చేపల చెరువు మురుగుకు బూజు జల్లెడ

తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్ళేసరికి బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే రైతు గుండె జారిపోతుంది. కొల్లేటి చుట్టుపక్కల చెరువులు సాగుచేసేవారికి ఇది కొత్త కాదు. ఎగువ చెరువు వదిలిన మురుగు కాలువలో కలిసి, దిగువ రైతుకు కొత్తనీరుగా వస్తుంది. మిగిలిన తవుడు, చెక్క, పశువుల పేడ, చేపల విసర్జన అన్నీ అందులోనే.

ఆ మురుగును పుట్టగొడుగుల బూజుతో వడగట్టవచ్చునంటే నవ్వేవారే ఎక్కువ. బూజు అనగానే చేపల పుండ్ల వ్యాధి గుర్తుకు రావడం సహజమే. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించిన ఆ వ్యాధి తరువాత ఎంతో నష్టం చేసింది. అయితే దాన్ని తెచ్చేది నీటిలో పెరిగే వేరొక జీవి. చూడటానికి బూజులాగే ఉన్నా, అది పుట్టగొడుగుల జాతి కాదు.

పుట్టగొడుగులో మనకు కనిపించేది కాయవంటి భాగమే. అసలు ప్రాణమంతా గడ్డిలో అల్లుకున్న తెల్లని దారాల్లో ఉంటుంది. ఆ అల్లికలో మడ్డి చిక్కుకుంటుంది. కొన్ని జాతులు సూక్ష్మక్రిములను కూడా తింటాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పాల్ స్టామెట్స్ అనే పుట్టగొడుగుల పెంపకందారు, తన పొలంలో పశువుల మురుగు పారే చోట చెక్కపేళ్ళలో ఈ బూజు పెంచారు. దిగువ నీటిలో పేడ క్రిములు తగ్గాయని 2005లో వెలువడిన పుస్తకంలో రాశారు.

మనకు చెక్కపేళ్ళు లేకున్నా వరిగడ్డికి కొదవలేదు. ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచేవారు రెండు మూడు కోతలయ్యాక గడ్డిని పారేస్తారు. తెల్లని బూజు ఇంకా బతికి ఉన్న గడ్డిని అడిగి తెచ్చుకుని, గోనె సంచుల్లో కూరి, పశువులపాక మురుగు చెరువులోకి దిగే బోదెలో అడ్డంగా పేర్చి చూడవచ్చు. నీరు సంచుల మీదుగా కాక, వాటిలోంచి మెల్లగా పారాలి. మొదట ఎర్రగా దిగే కషాయాన్ని బయటికి వదిలేయాలి. పచ్చబూజు పట్టిన గడ్డి పనికిరాదు. ఆ సంచుల మీద పుట్టగొడుగులు మొలిచినా కూర వండుకోరాదు సుమా!

సంచులను చెరువులో మాత్రం వేయకండి. గడ్డి కుళ్ళితే చేపలకు అందవలసిన ప్రాణవాయువును అదే లాగేస్తుంది. బోదెలోనివైనా మెత్తబడి కంపు కొడితే తీసి పొలానికి ఎరువుగా వేయాలి. ఇక అమ్మోనియాను విరిచే పని ముఖ్యంగా బాక్టీరియాది, దానికి గాలి కావాలి. కాబట్టి సంచులు పెట్టామని ఏరియేటర్లు ఆపినా, మేత ఎక్కువ వేసినా మొదటికే మోసం.

ముందు ఒక్క బోదెకే పెట్టి, సంచులకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీరు పట్టి పరీక్ష చేయించండి. తేడా కనిపిస్తేనే రెండో బోదె సంగతి.