బుర్ర పనిచేయడం లేదా? తప్పు బుర్రది కాకపోవచ్చు

ఫ్రిజ్ తలుపు తీస్తాం, దేనికోసం తీశామో గుర్తురాదు. రోజూ పలకరించే మనిషి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆఫీసు మెయిల్ ఒకటికి మూడుసార్లు చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కదు. ఎప్పుడో ఒకరోజు ఇలా జరిగితే ఎవరూ పట్టించుకోరు. వారాల తరబడి ఇదే వరస అయితే మాత్రం మనిషి లోలోపల బెదిరిపోతాడు. నాకు మతి పోతోందా అన్న భయం ఒక పక్క, ఈమధ్య నీకు దేనిమీదా శ్రద్ధ ఉండట్లేదని ఇంట్లోవాళ్లు అనే మాట ఇంకో పక్క.

దీన్నే ఇప్పుడు బ్రెయిన్ ఫాగ్ అంటున్నారు. ఈ బాధ పడేవారిని బద్ధకస్తులుగా చూడటం, వయసు మీద పడింది సర్దుకోమనడం రెండూ అన్యాయమే. ఎక్కువమందిలో దీని వెనక వెతికితే దొరికే కారణం ఉంటుంది. ఆ కారణాల్లో చాలావాటికి పరిష్కారమూ ఉంది. వాటిని ఏ వరసలో వెతకాలో, ఈలోగా రోజు ఎలా నెట్టుకురావాలో చూద్దాం.

లోపల జరిగేదేమిటి?

బ్రెయిన్ ఫాగ్ ఒక జబ్బు పేరు కాదు, లక్షణం. జ్వరం వస్తే మలేరియానా టైఫాయిడా అని ఆరా తీసినట్టే దీనికీ మూలం ఆరా తీయాలి.

మనం ఏ పని చేస్తున్నా, దానికి కావలసిన నాలుగు ముక్కలను మెదడు కాసేపు పట్టి ఉంచుతుంది. ఎవరో చెప్పిన ఫోన్ నంబరును నొక్కేదాకా మనసులో అనుకోవడం, పోపు మాడకుండా చూస్తూనే పిల్లాడి లెక్కకు జవాబు చెప్పడం ఈ శక్తి వల్లే. దీని హద్దు చాలా చిన్నది. ఒకేసారి 7 అంశాలు, అటూఇటుగా రెండు అని 1956లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ లెక్క చెప్పాడు. తర్వాతి పరిశోధనలు ఆ సంఖ్యను 4 దగ్గరికి తగ్గించాయి. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవారి సంగతే ఇది. నిద్ర చాలకపోయినా, ఒంట్లో రక్తం తగ్గినా, దిగులు పట్టుకున్నా ముందు దెబ్బతినేది ఈ కాస్త చోటే.

అందుకే మనం మరుపు అనుకునేవాటిలో చాలావరకు ధ్యాస లేకపోవడం వల్ల జరిగేవే. గ్యాస్ కట్టామో లేదో గుర్తురావడం లేదంటే, కట్టేటప్పుడు మనసు ఇంకెక్కడో ఉందని అర్థం. మెదడులో నమోదే కానిదాన్ని తర్వాత ఎంత తవ్వుకున్నా దొరకదు.

ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతమే. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం దాకా అదే తీసుకుంటుంది. ఆక్సిజన్, గ్లూకోజ్, హార్మోన్లు, వీటిలో ఎక్కడ తేడా వచ్చినా ఆ సెగ మెదడుకు త్వరగా తగులుతుంది.

మొదట నిద్ర సంగతి

కారణం వెతకడం నిద్రతో మొదలుపెట్టాలి. ఖర్చు లేనిది, ఎక్కువమందిలో తేలేది ఇదే. నాకు ఆరు గంటల నిద్ర సరిపోతుంది, అలవాటైపోయింది అనేవాళ్లు 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. 14 రోజులపాటు రాత్రికి 6 గంటలే పడుకోనిచ్చినవారి చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రపోనివారి స్థాయికి పడిపోయింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, వారిలో చాలామందికి తమ బుర్ర అంతగా మందగించిందన్న స్పృహే లేదు. బాగానే ఉన్నామనుకున్నారు. తక్కువ నిద్రకు అలవాటు పడ్డామని మనం అనుకునేది చాలాసార్లు ఈ తెలియకపోవడమే.

పడుకున్న గంటలు సరిపోయినా నిద్ర నాణ్యంగా ఉండకపోవచ్చు. గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పొద్దున్నే నోరెండిపోవడం, తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు పట్టడం ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గురకను గాఢనిద్రకు గుర్తనుకుని వదిలేస్తారు. నిజానికి ఆప్నియా ఉన్న మనిషికి రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పరీక్ష చేయించి చికిత్స తీసుకుంటే పగటి మగత తగ్గుతుంది.

కాఫీ లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటలకు తాగిన కాఫీ రాత్రి 10 గంటలకు కూడా సగం పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేసి రెండు వారాలు చూడండి.

రక్తపరీక్ష చెప్పే కథ

నిద్ర సరిచేసుకున్నా మార్పు లేకపోతే డాక్టరును కలిసి రక్తపరీక్షలు చేయించుకోవాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, బి12 విటమిన్, షుగర్ సాధారణంగా ముందు చూసేవి.

రక్తహీనత మన ఇళ్లలో ఎంత మామూలైపోయిందంటే దాన్ని జబ్బుగా కూడా చూడం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దేశం మొత్తంమీద 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆడవారిలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఆ సంఖ్య బాగానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. ఫెరిటిన్ పరీక్ష అది చెబుతుంది. నెలసరిలో అధిక రక్తస్రావం ఉంటే మాత్రలు మింగుతూనే ఆ మూలాన్నీ చూపించుకోవాలి.

బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే సహజంగా దొరుకుతుంది. శాకాహారుల్లో, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో, గ్యాస్ మాత్రలు మానకుండా వేసుకునేవారిలో ఇది తగ్గే అవకాశం ఎక్కువ. బుర్ర మందగించడంతోపాటు అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, నాలుక మంట ఉంటే ఈ పరీక్షను వాయిదా వేయకూడదు. ఆలస్యమైతే నరాలకు జరిగే నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు.

థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే మాట, ఆలోచన, నడక అన్నీ నెమ్మదిస్తాయి. మాత్ర వేసుకుంటున్నా బుర్ర తేటపడలేదంటే వేసుకునే తీరును ఒకసారి చూడాలి. చాలా ఇళ్లలో ఉదయం జరిగేది ఇది. ఫిల్టర్‌లో డికాషన్ దిగుతుంటుంది. ఇల్లాలు అల్మరాలోని చిన్న సీసా తీసి థైరాయిడ్ మాత్ర నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లు తాగుతుంది. స్టవ్ మీద పాలు పొంగగానే కాఫీ గ్లాసు చేతిలోకి వస్తుంది. టిఫిన్ అయ్యాక ఐరన్ మాత్ర, మరిచిపోతానేమోనని దాంతోపాటే క్యాల్షియం మాత్ర, ఆపైన టీ. మూడూ క్రమం తప్పకుండా వేసుకుంటోంది. కానీ కాఫీ థైరాయిడ్ మందును సరిగా ఒంటపట్టనివ్వదు. క్యాల్షియం, టీ కలిసి ఇనుమును అడ్డుకుంటాయి. ఆర్నెల్ల తర్వాత రిపోర్టులో మార్పు లేదని డోసు పెంచుతారు.

ఖర్చు లేకుండా దీన్ని సరిచేయవచ్చు. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున నీళ్లతోనే వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకు దానికీ 4 గంటల ఎడం ఉండాలి. అంటే 6 గంటలకు థైరాయిడ్ మాత్ర, 7 గంటలకు కాఫీ, 11 గంటల ప్రాంతంలో ఐరన్ మాత్ర, రాత్రి భోజనంతో క్యాల్షియం. ఐరన్‌తో నిమ్మరసమో జామకాయో ఉసిరికాయో తీసుకుంటే ఇనుము మరింత ఒంటపడుతుంది. వాడే మందులన్నీ డాక్టరుకు చూపించి ఈ సమయాలు ఖాయం చేసుకోండి.

మందులు, మనసు, వయసు

కొన్ని మందులే బుర్రను మగతలోకి నెడతాయి. జలుబుకూ దురదకూ వాడే పాతరకం మాత్రలు, నిద్రమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే కొన్ని మందులు ఈ కోవలోవి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్నవాటితో సహా అన్నింటినీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. సొంతంగా మాత్రం ఏదీ ఒక్కసారిగా ఆపకండి. నిద్రమాత్రలను అలా ఆపడం ప్రమాదం.

ధ్యాస నిలవకపోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. దానితోపాటు ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి పోవడం, ఆకలి నిద్ర మారిపోవడం, నేనెందుకూ పనికిరానన్న భావన రెండు వారాలు దాటి ఉంటే సాయం అడగాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్లు ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుడుల వల్ల కూడా మాటలు తడుముకోవడం, ఏకాగ్రత తగ్గడం జరుగుతుంది. రాత్రిపూట ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు నిద్ర చెడగొట్టి దాన్ని ఇంకా పెంచుతాయి. ఎక్కువమందిలో ఇది తాత్కాలికమే. అయినా మౌనంగా భరించాల్సిన పనిలేదు, గైనకాలజిస్టుతో చెప్పుకోవచ్చు.

జ్వరం తగ్గినా వదలని నీరసం

కొవిడ్ తర్వాత ఈ సమస్యకు ప్రపంచమంతటా గుర్తింపు వచ్చింది. జబ్బుపడిన 3 నెలల తర్వాతా కనిపిస్తూ, కనీసం 2 నెలలు సాగే లక్షణాలను లాంగ్ కొవిడ్‌గా నిర్వచిస్తూ 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన జాబితాలో ఆయాసం, నిస్సత్తువలతోపాటు ఆలోచన మందగించడం కూడా ఉంది. డెంగీ, చికున్‌గన్యా తర్వాత కూడా కొందరికి వారాల తరబడి నీరసం ఉంటుంది.

ఇలాంటివారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. కాస్త ఓపిక వచ్చిన రోజున పేరుకుపోయిన పనులన్నీ ముగించేస్తారు. మర్నాడు, ఆ మర్నాడు మంచం దిగలేరు. బాగున్న రోజునే చేతనైనదానికన్నా కొంచెం తక్కువ చేసి, మధ్యమధ్య ఆగి, వారం వారం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. పట్టుదలకు పోయి ఒళ్లు అలసిపోయేలా చేసుకుంటే కోలుకోవడం ఇంకా వెనకబడుతుంది.

ధ్యాసను కాపాడుకునే తీరు

కారణం దొరికి మందు పనిచేసేలోపు రోజులు గడవాలి కదా. దీనికి మన అష్టావధానం ఒక పాఠం చెబుతుంది. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది రకాల పరీక్షలు పెడుతుంటే అవధాని అన్నీ ఒకేసారి చేస్తున్నాడనుకుంటాం. గమనిస్తే ఏ క్షణంలోనైనా ఆయన ధ్యాస ఒక్కరిమీదే. ఒకరికి పద్యంలో ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడికి ముగించి తర్వాతివారివైపు తిరుగుతాడు. ఆవృత్తాలన్నీ పూర్తయ్యాకే పద్యాలను తిరిగి అప్పజెప్పే ధారణ. మధ్యలో ఆయన ధ్యాస చెదరగొట్టడానికని అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకడుంటాడు. ఏళ్ల సాధన ఉన్నవారికే అది పరీక్ష. మన ఫోన్ పొద్దుటినుంచి రాత్రిదాకా అప్రస్తుత ప్రసంగమే చేస్తుంటే మామూలు మనిషి, అందులోనూ ఒంట్లో బాగాలేని మనిషి, తట్టుకోవడం కష్టం.

ఒక పనిని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే ధ్యాసలో కొంత మొదటిదాని దగ్గరే చిక్కుకుపోతుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చూపించారు. అందుకని పని మధ్యలో లేవాల్సివస్తే ఎక్కడ ఆపారో, తిరిగొచ్చి ముందు ఏం చేయాలో కాగితం మీద ఒక్క వాక్యం రాసి లేవండి. ముఖ్యమైన పని చేసేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో ఉంచండి. పాతిక నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం చాలామందికి కుదిరే కొలత. బుర్ర తేటగా ఉండే వేళ ఏదో చూసుకుని లెక్కలూ రాతపనీ ఆ వేళకు పెట్టుకోండి, గిన్నెలు సర్దడం, బట్టలు మడతపెట్టడం మగత వేళకు వదిలేయండి.

గుర్తుపెట్టుకునే భారాన్ని వస్తువులకు అప్పగించండి. తాళాలకు ఒకే కొక్కెం, మాత్రలకు వారాల డబ్బా, పనులకు ఒకే చిన్న పుస్తకం. గ్యాస్ కట్టేటప్పుడు "కట్టేశాను" అని పైకి అనండి. ఆ ఒక్క మాట మనసును ఆ పని దగ్గరికి తెచ్చి, నమోదు చేయిస్తుంది. వీలైనవారికి రోజూ అరగంట నడక నిద్రకూ మనసుకూ రెండింటికీ మేలు చేస్తుంది.

ఆలస్యం చేయకూడనివి

ఉన్నట్టుండి మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం పక్షవాత లక్షణాలు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి సాధారణంగా నాలుగున్నర గంటల వ్యవధే ఉంటుంది. పెద్దవారు ఒకట్రెండు రోజుల్లోనే అయోమయంలో పడితే ఒంట్లో ఇన్‌ఫెక్షనో సోడియం తగ్గడమో కారణం కావచ్చు. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత మందకొడితనం వచ్చినా స్కానింగ్ అవసరం. తెలిసిన వీధిలోనే దారి తప్పడం, చెప్పినదే చెప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం నెలనెలా పెరుగుతుంటే న్యూరాలజిస్టును కలవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలపాటు నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి: ఎన్ని గంటలు పడుకున్నారు, ఏ వేళ బుర్ర మందగించింది, ఏ మందులు ఎప్పుడు వేసుకున్నారు, ఆ రోజు మనసు ఎలా ఉంది. "ఎందుకో బాగోలేదండీ" అనేదానికన్నా ఆ ఒక్క కాగితం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే మతిమరుపు మేళం అని వెక్కిరించకండి. వారితోపాటు ఆసుపత్రికి వెళ్లండి, వారి పనిలో ఒకటి మీ మీద వేసుకోండి. కోలుకోవడానికి మందుతోపాటు ఆ సాయం కూడా కావాలి.