కంప్యూటరుకు మనం పెట్టే ముద్దుపేర్లు

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులలో నడిచేవారికి గుజరాతీతో పాటు తెలుగు మాట కూడా చెవిన పడుతుంది. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడి మరమగ్గాలను నమ్ముకొని జీవిస్తున్నాయి. యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడమంటే ఏమిటో నేతగానికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన మగ్గానికి ఆజ్ఞలు రంధ్రాలు పొడిచిన అట్టలే. రంధ్రమున్న చోట పడుగుపోగు లేస్తుంది, లేని చోట లేవదు. అట్టల దండను ఒకసారి కుట్టి పెట్టుకొంటే అదే పువ్వు ఎన్ని చీరలకైనా దిగుతుంది. గణనయంత్రానికి కలలు కన్న చార్లెస్ బాబేజ్ కూడా ఆ అట్టలనే ఎన్నుకొన్నాడు.

నేడు డిజైన్లు కంప్యూటరు ఫైళ్ళయినవి. అటువంటి ఒక కార్ఖానాలో డిజైన్ల గదిని చూసుకొనే తెలుగు యువకుణ్ణి ఊహించుకుందాము. అతని కంప్యూటరులో ఉన్నది లైనక్స్. ఆజ్ఞలను అందుకొని అమలు జరిపించే షెల్ పేరు బాష్. రోజూ సాయంత్రం డిజైన్లను వేరొక డిస్కులోకి నకలు తీయాలి. అందుకు కావలసిన ఆజ్ఞ బారెడు పొడవున్నది. దానికొక చిన్న పేరు పెట్టుకొందామని కూర్చున్నాడు. తీరా చూస్తే దారులు మూడు!

మొదటిది ఏలియాస్, అనగా ముద్దుపేరు. 1970ల చివరలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ వ్రాసిన సీ-షెల్ దీనికి ప్రాచుర్యం తెచ్చింది. ఇది చేసే పని ఒక్కటే: పొట్టి మాటను తీసివేసి ఆ స్థానంలో పొడుగు మాటను ఉంచడం. ఒకే ఆజ్ఞను ఏ మార్పూ లేకుండా పలుమార్లు వాడేవారికి ఇంతకంటె సులువైనది లేదు. అయితే, ఫలానా వ్యాపారి డిజైన్లు మాత్రమే తీయాలన్నప్పుడు ఆ వ్యాపారి పేరు ఆజ్ఞ నడుమకు రావాలి. బాష్‌లోని ఏలియాస్‌కు ఆ నేర్పు లేదు. మనం టైపు చేసిన పేరును తోకకు తగిలించి ఊరుకొంటుంది.

ఆ నేర్పు ఫంక్షనుకు ఉన్నది. మనం ఇచ్చిన పేరును అది కోరిన చోట ఇముడ్చుకొంటుంది. ‘డిస్కు తగిలించి ఉన్నదా? లేకుంటే ఆగిపో’ వంటి షరతులు కూడా పాటిస్తుంది. ఏలియాస్‌కంటె ఫంక్షనే మేలని బాష్ వారి కరదీపికే చెబుతున్నది.

మూడవది స్క్రిప్టు. ఇది విడిగా ఒక ఫైలులో వ్రాసిపెట్టిన ఆజ్ఞల చీటీ. దీనిని నడిపేందుకు వేరొక షెల్ పుడుతుంది, పని ముగియగానే అంతరిస్తుంది. కొత్తవారిని తికమక పెట్టేది ఇదే. ‘డిజైన్ల ఫోల్డరులోకి వెళ్ళు’ అని స్క్రిప్టులో వ్రాసి నడిపితే, వెళ్ళేది ఆ పిల్ల షెల్లే కాని మనం కూర్చున్న తల్లి షెల్ కాదు. చీటీ ముగిసిన తరువాత చూస్తే మనం ఉన్నచోటనే ఉంటాము! ఫోల్డరు మారాలంటే ఫంక్షనే కావాలి, ఏలంటే అది మన షెల్‌లోనే నడుస్తుంది. కాని అర్ధరాత్రి ఎవరూ లేని వేళ క్రాన్ అనే కాలపాలకుడు నకలు తీయాలంటే మాత్రం స్క్రిప్టే శరణ్యం. మన షెల్‌లో పెట్టుకొన్న ముద్దుపేర్లు క్రాన్‌కు తెలియవు.

ఇంతవరకు సౌకర్యం మాటే. అసలు ప్రమాదం మరొకచోట ఉన్నది. ఫైళ్ళను చెరిపివేసే ‘ఆర్ఎమ్’ ఆజ్ఞకు జాలి లేదు. అది తీసివేసినది చెత్తబుట్టలోకి కూడా పోదు. అందుచేత చాలామంది ‘చెరిపే ముందు నన్ను అడుగు’ అనే షరతు చేర్చి, ఆర్ఎమ్ అన్న అదే పేరుతో ఏలియాస్ పెట్టుకొంటారు. బుద్ధిమంతుల పనిగానే తోస్తుంది. కొన్నాళ్ళకు వేళ్ళకు ధీమా అలవడుతుంది: ఎలాగూ అడుగుతుంది కదా! ఒకనాడు పొరుగు బల్లమీది కంప్యూటరులో అదే ఆజ్ఞ కొడతాడు. అక్కడ ఆ ఏలియాస్ లేదు. అది అడగదు. రోజుల తరబడి గీసిన పూలు, లతలు క్షణంలో మాయమవుతాయి. స్క్రిప్టులోనూ ఇదే గతి; ప్రత్యేకంగా కోరితే తప్ప బాష్ అక్కడ ఏలియాస్‌లను పట్టించుకొనదు.

కనుక జాగ్రత్త ఆజ్ఞకు వేరే పేరు పెట్టుకోవాలి. ‘తీసెయ్’ అనుకొందాము. ఆ పేరు లేని కంప్యూటరు ‘అటువంటి ఆజ్ఞ లేదు’ అంటుంది. ఫైళ్ళు మిగులుతాయి.

ఒకే పేరుతో ఏలియాస్, ఫంక్షను, స్క్రిప్టు మూడూ ఉంటే నెగ్గేది ఏలియాస్, ఆ తరువాత ఫంక్షను, చివరకు స్క్రిప్టు. ఏది నెగ్గుతున్నదో తెలియాలంటే ‘టైప్’ అని కొట్టి, పక్కన ఆ పేరు ఇస్తే చాలు. మన యువకుడు చివరకు రాత్రి నకలుకు స్క్రిప్టు, వ్యాపారి ఫోల్డరులోకి వెళ్ళేందుకు ఫంక్షను వ్రాసుకొన్నాడు. ఫైళ్ళ జాబితా చూడడానికి మాత్రం రెండక్షరాల ఏలియాస్ ఉంచుకొన్నాడు.