ఫోనెత్తే స్టార్టరు డబ్బా

నందిగామ, జగ్గయ్యపేటలది కృష్ణా జిల్లా మెట్ట. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా నేల మారలేదు, నీటి కష్టమూ మారలేదు. సాగర్ ఎడమ కాలువ ఇక్కడికి చేరేసరికి చివరి ఆయకట్టు. పైవాళ్లు తడుపుకోగా మిగిలిందే వీళ్ల వాటా. అందుకే మునేరు, పాలేరు, కృష్ణ ఒడ్డున పొలాలున్నవాళ్లు ఏటి మీద మోటార్లు పెట్టుకున్నారు, మిగతావాళ్లు బోర్లు వేసుకున్నారు. పత్తి అయినా మిరప అయినా మోటారు ఆగితే తడి ఆగినట్టే.

ఆ మోటారు పక్కన, కర్రకో రేకుల షెడ్డు గోడకో వేలాడే స్టార్టరు డబ్బా ఇప్పుడు ఫోనెత్తుతోంది. రైతు ఊళ్లో అరుగు మీద కూచుని రింగు ఇస్తే మూడు కిలోమీటర్ల అవతల నీళ్లు పడతాయి. ఈ డబ్బా నిన్నమొన్నటిదిగా కనిపిస్తుంది గాని, దీని పుట్టుక వెనుక నూట పాతికేళ్లకు పైబడిన కథ ఉంది.

నికోలా టెస్లా 1888లో ఏసీ ఇండక్షన్ మోటారుకు పేటెంట్లు సంపాదించాడు. మరుసటి ఏడాది డొలివో డొబ్రొవోల్‌స్కీ అనే ఇంజినీరు దాన్ని మూడు ఫేజుల మోటారుగా తీర్చిదిద్దాడు. మన పొలాల్లో తిరిగేది ఆ జాతిదే. ఆ పేటెంట్లు వచ్చిన పదేళ్లకు, 1898లో, అదే టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ల తొట్టిలో ఒక చిన్న పడవను వదిలి, తీగ లేకుండా రేడియో తరంగాలతో తిప్పి చూపించాడు. మోటారు, దూరం నుంచి ఆడించే విద్య, రెండూ ఒకే మనిషి చేతి మీదుగా నడిచినా, మన పొలంలో అవి కలుసుకోవడానికి వందేళ్లు పట్టింది.

కలిపింది కరెంటు కష్టమే. ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడింది. బిల్లు బాధ పోయింది గాని, మూడు ఫేజుల కరెంటు రోజుకు కొన్ని గంటలే, అదీ విడతల వారీగా వచ్చేది. అర్ధరాత్రి వచ్చినా అప్పుడే వెళ్లి పచ్చబటన్ నొక్కాలి. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచే దారిలో పాములుండేవి. తడి చేతితో ముట్టుకునే డబ్బాలో షాకు ఉండేది.

దానికి రైతు కనిపెట్టుకున్న విరుగుడు ఆటో స్టార్టరు. కరెంటు రాగానే దానంతట అదే మోటారును ఆన్ చేస్తుంది. ఇంట్లో నిద్రపోవచ్చు. కానీ అది గుడ్డిది. మడి నిండినా తోడుతుంది, బోరులో నీళ్లు లేకపోయినా తిప్పుతుంది. పైగా నేరుగా స్టార్టయ్యే మోటారు మొదటి క్షణాల్లో మామూలుకు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ కరెంటు వచ్చిన క్షణంలోనే ఒక్కసారిగా లేస్తే ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేని భారం పడుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇస్తూ ప్రభుత్వం రైతులను మొదట కోరింది ఆటో స్టార్టర్లు తీసేయమనే.

ఈలోగా సెల్‌ఫోను వచ్చింది. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. పుణేలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజినీరు, రాత్రిళ్లు మోటారు కోసం పొలానికి నడిచే తన తాతగారి అవస్థ చూసి ‘నానో గణేశ్’ తయారుచేశాడు. దానికి 2009లో నోకియా నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో బహుమతి వచ్చింది. బెంగళూరు నుంచి ‘కిసాన్ రాజా’ వచ్చింది. తర్వాత ఎన్నో కంపెనీలు దిగాయి.

మొదటి తరం డబ్బాలు నమ్ముకున్నది ఫోను బటన్ల మోతను. 1963లో అమెరికాలో బటన్ ఫోన్లతో మొదలైన పద్ధతి అది. ఒక్కో అంకెకు రెండేసి స్వరాలు కలిసి మోగుతాయి. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు. ఆ జంటను గుర్తుపట్టే చిన్న చిప్పు ఉంటే చాలు, అంకె ఆజ్ఞ అవుతుంది. ఆ తర్వాత మెసేజీ, మిస్డ్ కాల్, ఇప్పుడు యాప్.

డబ్బా మూత తీసి చూస్తే సంగతి తేలిక. పచ్చబటన్ నొక్కితే కాయిల్‌కు కరెంటు అంది అయస్కాంతమవుతుంది. కాంటాక్టరు ఠక్కున మూసుకుని మూడు ఫేజులూ మోటారుకు చేరతాయి. ఎర్రబటన్ ఆ కాయిల్ దారిని తెంచుతుంది. మొబైల్ పరికరం ఈ ఏర్పాటును మార్చదు. పచ్చబటన్‌కు సమాంతరంగా ఒక రిలే, ఎర్రబటన్ దారిలో ఇంకో రిలే. అంతే, రెండు వేళ్లు దొరికినట్టు.

అసలు తెలివి ఆ వేళ్లకు తోడుగా ఇచ్చిన చూపులో ఉంది. సిమ్ ఉన్న మోడెము, పిలిచిన నంబరు యజమానిదేనా అని ముందు చూస్తుంది. మూడు ఫేజులూ ఉన్నాయా, వోల్టేజి చాలా అని చూస్తుంది. ఒక ఫేజు పోయాక కూడా మోటారు తిరుగుతూ ఉంటే మిగతా వాటి మీద భారం పడి వైండింగ్ కాలిపోతుంది. మోటారు తీగ చుట్టూ ఉండే చిన్న రింగు కరెంటును కొలుస్తుంది. 5 హెచ్‌పీ మోటారు నిండు భారంతో సుమారు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. బోరులో నీళ్లు తగ్గి ఖాళీగా తిరిగితే ఆ లెక్క పడిపోతుంది. వెంటనే పరికరం ఆపేసి, సంగతి ఫోనులో చెబుతుంది.

ఆజ్ఞ అందాక యంత్రమే ముందు పరిస్థితి చూసుకోవడమనే ఈ సూత్రం చలిదేశాల్లోనూ ఉంది. బ్రిటన్ కాలువల్లో ఇరుకు పడవల మీదే ఏడాది పొడుగునా కాపురముండేవాళ్లున్నారు. పని నుంచి బయలుదేరుతూ ఫోనుతో పడవలోని డీజిల్ హీటరును వెలిగించుకునేవాళ్లు వాళ్లలో ఉన్నారు. బ్యాటరీ బలహీనంగా ఉంటే హీటరు వెలగదు. ఆపమన్నా వెంటనే ఆగదు, మంట ఆర్పి, ఫ్యాను తిప్పుకుని, చల్లబడ్డాకే ఆగుతుంది. పడవైనా బోరైనా దూరం నుంచి వచ్చేది కోరిక మాత్రమే. దాన్ని తీర్చవచ్చో లేదో అక్కడున్న యంత్రమే తేల్చుకోవాలి. ఆటో స్టార్టరుకు, మొబైల్ స్టార్టరుకు ఉన్న తేడా అదే.

ఏటి ఒడ్డున మొబైల్ స్టార్టరు విలువ ఇంకా ఎక్కువ. 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారే మునిగింది. అలాంటి వరదలో మోటారు ఆపడానికి ఒడ్డుకు వెళ్లడమంటే ప్రాణంతో చెలగాటమే.

కానీ ఈ పరికరానికి కనిపించనిది ఒకటుంది: మోటారు దగ్గరున్న మనిషి. ఫుట్‌వాల్వు బాగుచేస్తూ ఒకరు నీళ్లలో చెయ్యి పెట్టి ఉండగా, సంగతి తెలియని మరొకరు ఇంటి నుంచి రింగు ఇస్తే మోటారు లేస్తుంది. మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయి, నంబరు యజమానిదే, దానికి అభ్యంతరమేముంటుంది? కాబట్టి డబ్బాలో ఎంతమంది నంబర్లున్నాయో ఇంటిల్లిపాదికీ తెలియాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. మోటారు మీద చెయ్యి వేసేముందు మెయిన్ స్విచ్చు ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ఆ పని ఫోనుతో కాదు, అక్కడికి నడిచి వెళ్లి చెయ్యాల్సిందే.