తరగతి గదిలో బొమ్మలాట

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బొమ్మలాట ఒక బోధనా సాధనంగా ఎందుకు పనికివస్తుందో వివరించగలుగుతారు.
• పాఠానికి తగిన బొమ్మను ఎంచుకోగలుగుతారు.
• బొమ్మతో ఒక చిన్న పాఠాన్ని రూపొందించగలుగుతారు.

9.1 పరిచయం

ప్రతి తరగతిలోనూ నోరు విప్పని పిల్లలు కొందరు ఉంటారు. వారికి జవాబు తెలియదని మనం అనుకుంటాం. చాలాసార్లు అడ్డు వచ్చేది తెలియకపోవడం కాదు, తప్పు చెబితే నవ్వుతారన్న భయం. ఇంటి భాష ఒకటి, పుస్తకం భాష ఒకటి అయిన పిల్లల్లో ఈ భయం ఇంకా ఎక్కువ. చేతిలో బొమ్మ ఉన్నప్పుడు మాట్లాడేది బొమ్మే. తప్పు వచ్చినా అది బొమ్మదే. బొమ్మలాట విలువ వినోదంలో కన్నా ఈ రక్షణలోనే ఎక్కువగా ఉంది.

9.2 మన సంప్రదాయం చెప్పే పాఠం

తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. రాముడు, రావణుడు గంభీరంగా మాట్లాడితే వీరు ఊరి మాట మాట్లాడతారు, పోట్లాడుకుంటారు, నవ్విస్తారు. కథకూ ప్రేక్షకులకూ మధ్య వీరే వంతెన. తరగతి గదికి కావలసిన బొమ్మ కూడా ఇటువంటిదే. అన్నీ తెలిసిన బొమ్మ మరో ఉపాధ్యాయుడవుతుంది. ఏమీ తెలియక అడిగే బొమ్మకు పిల్లలే ఉపాధ్యాయులవుతారు.

1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సి.సి.ఆర్.టి.) బొమ్మలాటను బోధనలో వాడడంపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తోంది. దీని ప్రాంతీయ కేంద్రం ఒకటి హైదరాబాదులో ఉంది.

9.3 బొమ్మల రకాలు

బొమ్మలు ముఖ్యంగా నాలుగు రకాలు.
1. తొడుగు బొమ్మ: పాత మేజోడుకు గుండీలు కుట్టి చేయవచ్చు. సంభాషణకు అనువైనది.
2. పుల్ల బొమ్మ: అట్టపై బొమ్మ గీసి, కత్తిరించి, పుల్లకు అతికిస్తే చాలు. పెద్ద తరగతిలో ప్రతి ఒక్కరూ ఒకటి చేసుకోగలరు.
3. నీడ బొమ్మ: తెల్ల గుడ్డ, దీపం, కొంచెం చీకటి కావాలి.
4. దారపు బొమ్మ: ఆడించడానికి సాధన కావాలి కనుక చిన్న పిల్లలకు కష్టం.

9.4 నమూనా పాఠాలు

గణితం, 3వ తరగతి: ఉపాధ్యాయురాలి చేతిలోని పోలిగాడు 42 నుంచి 17 తీసివేసి 35 అంటాడు. "7లోంచి 2 పోతే 5, 4లోంచి 1 పోతే 3. సరిపోయిందిగా!" ఇది పిల్లలు తరచుగా చేసే పొరపాటే. ఇప్పుడు పిల్లలు ఆగరు. "2లోంచి 7 పోదు, ఒక పదిని తెచ్చుకోవాలి" అని పోలిగాడికి నేర్పి, 25 రప్పిస్తారు. వివరించే క్రమంలో వారి అవగాహన ఎంతో మనకు తెలుస్తుంది. ఆ తరువాత బొమ్మను పిల్లల చేతికి ఇవ్వాలి.

సామాన్యశాస్త్రం, ప్రాథమికోన్నత స్థాయి: అట్టబొమ్మను దీపానికి దగ్గరగా జరిపితే నీడ పెద్దదవుతుంది, తెరకు దగ్గరగా జరిపితే చిన్నదవుతుంది. అట్ట నల్లని నీడనే ఇస్తుంది. తోలుబొమ్మ రంగులు మాత్రం తెరపై కనిపిస్తాయి. పలుచగా చేసిన మేకతోలు గుండా కొంత కాంతి ప్రసరించడమే దీనికి కారణం. పాక్షిక పారదర్శకతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

9.5 జాగ్రత్తలు

• ఆట అయిదారు నిమిషాలు మించకూడదు. మిగిలిన సమయం చర్చకు ఉంచాలి.
• బొమ్మ పేరు, నడక, యాస తరగతిలోని ఏ పిల్లవాడినీ, ఏ కులాన్నీ, ఏ వైకల్యాన్నీ గుర్తుచేయకూడదు. లేకపోతే రక్షణగా ఉండవలసిన బొమ్మే ఎగతాళి అవుతుంది.
• చురుకైన పిల్లలకే బొమ్మలు ఇవ్వకూడదు. జట్లుగా చేసి వంతులు వేయాలి. మాట్లాడడానికి ఇష్టపడని వారిని మొదట బొమ్మను ఆడించనిస్తే చాలు.
• బొమ్మ అందానికి మార్కులు వేయరాదు. బొమ్మ చేత ఏం చెప్పించారో గమనించాలి.

9.6 సారాంశం

బొమ్మలాటకు ఖర్చు తక్కువ, ఆలోచన ఎక్కువ కావాలి. బొమ్మ ఉపాధ్యాయుని చేతిలోనే ఉండిపోతే అది ప్రదర్శన. పిల్లల చేతికి వెళితే అభ్యసనం.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. "తెలియని బొమ్మ" వల్ల కలిగే ప్రయోజనాలేమిటి?
2. మీకు నచ్చిన పాఠంలో పిల్లలు తరచుగా చేసే ఒక పొరపాటును ఎంచుకొని, బొమ్మకూ పిల్లలకూ మధ్య పది వాక్యాల సంభాషణ రాయండి.