రెండు తాళ్ళ తెలివి

"సార్, ఈ రెండు రాళ్ళూ ఎందుకు నిలబెట్టారు?"

గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చే దారిలో, ఎండిపోయిన బావి గట్టు మీద మా ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు. రాళ్ళు రెండూ బావిలోకి కాస్త వంగి ఉన్నాయి. వాటి కింద నీళ్ళు పడే తొట్టి అంచు అద్దంలా నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి తడి తోలు రాసుకుంటే వచ్చే నునుపు అది. "మోట" అన్నాను. మాట వాడికి తెలుసు. అది నీళ్ళెలా పోస్తుందో తెలియదు. పలక తీసుకుని అక్కడే బొమ్మ వేశాను.

మోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తొండం. మామూలు తోలు సంచితో తోడితే, అది పైకొచ్చిన ప్రతిసారీ వంచి పోయడానికి గట్టు మీద ఇంకో మనిషి ఉండాలి. మోటకు ఆ మనిషి అక్కర్లేదు. దాని తోలు సంచిని బాన అంటారు. బాన అడుగున గొట్టంలాంటి తోలు తొండం ఉంటుంది. బానకు లావుపాటి మోకు, తొండం కొసకు సన్నతాడు. మోకు, ఆ రెండు రాళ్ళ మధ్య పైనున్న గిలక మీదుగా పోతుంది. సన్నతాడు కింద, తొట్టి అంచున ఉన్న దొర్లుడు కర్ర మీదుగా పోతుంది. రెండూ వచ్చి కలిసేది ఒక్క కాడికే.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఎద్దులు ఒక అడుగు నడిస్తే రెండు తాళ్ళూ ఒక అడుగే కదులుతాయి. బావిలో ఉన్నంతసేపూ తొండం మడత పడి, మూతి బాన అంచుకు సమంగా పైకి లేచి ఉంటుంది. నీరు తన మట్టం దాటి పైకెక్కదు కదా, చుక్క కారదు. మూతి దొర్లుడు కర్రను చేరాక కథ మారుతుంది. బాన ఇంకా పైకే పోతుంది, మూతి మాత్రం అడ్డంగా తొట్టిలోకి సాగుతుంది. బాన ఎత్తులో, మూతి పల్లంలో! నీళ్ళు భళ్ళున దూకుతాయి. కవాటం లేదు, మీట లేదు. ఎప్పుడు పట్టి ఉంచాలో, ఎప్పుడు వదలాలో తాళ్ళ పొడవే నిర్ణయిస్తుంది.

రెండో తెలివి ఎద్దుల బాటలో ఉంది. అది బావి నుంచి దూరంగా పల్లానికి దిగుతుంది. జత ఎద్దులు 600 కిలోలు, ఆరడుగుల నడకకు అడుగు దిగే వాలు అనుకోండి. 100 కిలోల లాగుడు వాటి బరువే ఇస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుంటే అతని బరువూ తోడవుతుంది. అయితే ఇది ఊరికే వచ్చిన బలం కాదు. ఖాళీ బానతో వెనక్కి గట్టెక్కేటప్పుడు ఎద్దులు కూడబెట్టుకున్న శక్తి అది. దిగేటప్పుడు ఖర్చు పెడతాయి.

ఏతానికీ మోటకూ పోటీ ఉండేది. లోతు తక్కువైన చోట మనిషి ఏతం దూలం మీద అటూ ఇటూ నడిచి నీళ్ళు తోడేవాడు. కంభం చెరువు నీరందని మన మెట్ట పొలాల్లో నీళ్ళు లోతున ఉండేవి. అక్కడ మోటదే పైచేయి. 1854లో అమెరికాలో డేనియల్ హాలడే నీళ్ళు తోడడానికి, గాలికి తానే సర్దుకునే గాలిమరకు పేటెంటు పొందాడు. అదీ గొప్ప యంత్రమే. కానీ గాలి వేగం సగమైతే దాని బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోట గాలి కోసం ఎదురు చూడదు.

హాలడే పేరు చరిత్రలో ఉంది. తంగేడు చెక్కతో తోలు ఊనవేసి, చుక్క కారకుండా బాన కుట్టిన మాదిగ పనివారి పేరు ఏ పేటెంటులోనూ లేదు. బాన కొలతలు వాళ్ళ చేతుల్లోనే ఉండేవి.

తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి. నీరు పాతాళానికి పోయింది. మోట తోలుతూ పాడిన మనిషి, ఎద్దులు, నీళ్ళ మీద గూళ్ళు అల్లిన గిజిగాళ్ళు, అందరూ బావిని విడిచారు. ఇప్పుడు నీళ్ళ కోసం మన ఆశ నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా తవ్విన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల మీద ఉంది.

బావి చూసిన మర్నాడు ఆ పిల్లవాడు పాల కవరుకు సైకిల్ ట్యూబు ముక్క అతికించి, రెండు దారాలు కట్టి తెచ్చాడు. బకెట్లో ముంచి లాగాడు. మొదటిసారి దారిలోనే కారిపోయింది. సన్నదారం రెండు వేళ్ళంత కురచ చేసి మళ్ళీ లాగాడు. కవరు పైకొచ్చింది, ట్యూబు బెంచీ మీదికి సాగింది, నీళ్ళు వాటంతటవే పడ్డాయి.

"ఎవరు కనిపెట్టారు సార్?" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు దారం కురచ చేశావే, అలాంటివాళ్ళు" అన్నాను.