పార్కింగు గేటు మాట్లాడేదెలా?

కవితలకూ, కథలకూ నడుమ ఈ గేట్ల గొడవేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని రోజూ మనం దాటే గేటు మనల్ని ఎట్లా లెక్కిస్తోందో తెలుసుకోవడం చదువుకున్న వాళ్ళకు అవసరమే. ఈ కళాశాలలోనే ఎలక్ట్రానిక్స్ చదువుకున్న నేను, ఇప్పుడు ఇట్టి యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే పనిలో ఉన్నాను.

1935 జూలైలో అమెరికాలోని ఓక్లహామా సిటీలో మొట్టమొదటి పార్కింగు మీటరు వెలసింది. కార్ల్ మగీ అనే పత్రికా సంపాదకుని ఆలోచన అది. నాణెం వేస్తే గడియారం తిరిగేది, అంతే. అది చెడిపోయినా, నాణేలతో నిండిపోయినా మనిషి నడిచివెళ్ళి చూడాల్సిందే.

నేటి సెల్లారులో యంత్రాలు నాలుగు రకాలు: లోపలికి వచ్చేచోట చీటీ ఇచ్చేది, డబ్బు కట్టించుకునేది, బయటికి పోయేచోట చీటీ చదివేది, అడ్డకర్రను లేపి దించేది. కారు వచ్చిందని వీటికి తెలిపేది నేలలో పాతిన తీగచుట్ట. కారు లోహభాగం మీదికి రాగానే చుట్టలో ఇండక్టెన్సు తగ్గుతుంది. ఆ మార్పే కబురు.

ఈ కబుర్లన్నీ ఒకచోటికి చేరాలి. పాత యంత్రాలు చాలావరకు సీరియల్ పోర్టు ద్వారా మాట్లాడతాయి. వాటిలో ఆర్‌ఎస్-232 పద్ధతి సుమారు 50 అడుగుల దూరానికే సరిపోతుంది. 1983లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌ఎస్-485 అయితే మెలితిప్పిన జంటతీగ మీద 4,000 అడుగుల దాకా పోతుంది. ఆ తీగకే 32 యంత్రాలు తగిలించవచ్చు. యంత్రాన్ని మార్చనక్కరలేదు. పక్కన చిన్న కన్వర్టరు పెట్టి ఆ మాటలను ఈథర్‌నెట్‌లోకి మళ్ళిస్తాం. అక్కడినుంచి రాగి కేబులు 100 మీటర్లు, అంతకు మించితే ఫైబరు. ఇక ఊరికి ఆ చివర కూర్చున్న మనిషికి చీటీల కాగితం అయిపోవచ్చిందనీ, అడ్డకర్ర ఇరుక్కుందనీ, ఇంకా ఎన్ని ఖాళీలున్నాయనీ తెరమీద కనిపిస్తుంది. కావాలంటే అక్కడినుంచే గేటు ఎత్తగలడు.

అసలు చిక్కు గడియారాల దగ్గర వస్తుంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్, మల్టీప్లెక్సులలో మొదటి 30 నిమిషాలకు పార్కింగు రుసుము తీసుకోరాదని ఉత్తర్వు ఇచ్చింది. లోపలికి వచ్చేచోటి గడియారం 5 నిమిషాలు వెనకబడి, బయటిది సరిగా ఉందనుకోండి. 26 నిమిషాలకే తిరిగొచ్చిన ఆసామి 31 నిమిషాలు ఉన్నట్టు లెక్క తేలుతుంది! ఉత్తర్వు అతని పక్షాన ఉన్నా గేటు లేవదు. వాదించుకుందామంటే అక్కడ మనిషీ లేడు.

అందుకే యంత్రాలన్నీ ఒకే సర్వరును వేళ అడిగి సరిచేసుకోవాలి. 1985లో వెలువడిన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ ఇందుకే ఉంది. పేరెందుకు గాని, నేను చూసిన ఒకచోట యంత్రాలన్నిటినీ నెట్‌వర్కుకు కలిపారు, ఈ ఒక్క అమరిక మాత్రం మరిచారు. వసూళ్ళ లెక్క క్షణాల్లో ఆఫీసుకు చేరేది. జనం గోడు చేరేది కాదు.

మరికొన్ని జాగ్రత్తలున్నాయి. లైను తెగినా గేటు తన పని తాను చేసుకుంటూ, లెక్కలు దాచిపెట్టి తర్వాత పంపాలి. అగ్నిప్రమాదపు అలారం నెట్‌వర్కు మీద ఆధారపడకుండా నేరుగా గేటుకు కలపాలి. కన్వర్టరుతో వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. లేకుంటే గేటు ఎత్తే అధికారం ఎవడికైనా దక్కుతుంది. అన్నిటికీ మించి, గేటు దగ్గర ఒక బొత్తాము, అది నొక్కితే పలికే మనిషి ఒకడు ఉండి తీరాలి. దూరంనుంచి చూడటమంటే దూరంనుంచి వినడం కూడా.

ఇంజనీరు కాబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ ఇవి గుర్తుంచుకుంటే చాలు. తక్కినవారు చేయగలిగిందీ ఒకటుంది. ఈసారి చీటీ చేతికి రాగానే దానిమీది వేళను మీ చేతిగడియారంతో పోల్చి చూడండి.