బిడ్డకు థైరాయిడ్ ఎక్కువైతే: యాంటీబాడీ పరీక్ష ఎందుకు, ఎప్పుడు?

"అన్నం బాగానే తింటుందండి, అయినా చిక్కిపోతోంది. చేతులు వణికి అక్షరాలు వంకరపోతున్నాయని మేష్టారు చెప్పారు." ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల తల్లులారా, మీ బిడ్డ కూడా ఇలాగే ఉందా? దానికి తోడు గుండె దడ, చెమటలు, గొంతు ముందు వాపు, కళ్లు పెద్దవైనట్టు కనబడడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి.

అసలు ఏం జరుగుతుంది?

పిల్లల్లో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడానికి ముఖ్య కారణం గ్రేవ్స్ వ్యాధి. రోగాలతో పోరాడవలసిన యాంటీబాడీలు పొరపాటున థైరాయిడ్ గ్రంథిని పట్టుకుని ఆగకుండా పనిచేయిస్తాయి. చేపల చెరువు మీద ఇంజను ఆపేవాళ్లు లేక నడుస్తూనే ఉన్నట్టన్నమాట. ఇది అంటువ్యాధి కాదు. మన చెరువు చేపలు తినడం వల్ల రాదు.

రెండు పరీక్షలు, రెండు పనులు

1. టి3, టి4, టి.ఎస్.హెచ్.: ఈ రోజు హార్మోను ఎంత ఉందో చెబుతాయి. మందు మోతాదు వీటిని బట్టే మారుస్తారు. మొదట్లో 4 నుంచి 6 వారాలకు, తరువాత 2, 3 నెలలకు ఒకసారి చేయించాలి.

2. టి.ఆర్.ఎ.బి. అనే యాంటీబాడీ పరీక్ష: వ్యాధి మూలం ఇంకా ఉందా అన్నది చెబుతుంది. వ్యాధి నిర్ధారణకు ఒకసారి, మందు ఆపే ఆలోచన వచ్చినప్పుడు మరోసారి ముఖ్యం. నెలనెలా చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

"తగ్గిపోయిందిగా" అని ఆపకండి

కార్బిమజోల్ వంటి మాత్రలు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే బిడ్డ తేరుకుంటుంది. టి4 కూడా నార్మల్ అని వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు మాత్రలు ఆపేసేది ఇక్కడే. కానీ యాంటీబాడీలు లోపల ఉండగా ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. పిల్లలకు మందు సాధారణంగా 3 సంవత్సరాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. యాంటీబాడీలు తగ్గాక డాక్టరు గారు మందు ఆపినా, తిరిగి రాకుండా ఉంటుందని హామీ లేదు. కనుక రక్తపరీక్షలు మానకూడదు.

గుర్తుంచుకోండి

• జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు, కళ్లు పచ్చబడడం: వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. తెల్లకణాలు, లివరు పరీక్ష చేయాలి. డాక్టరును అడగకుండా మాత్ర ఆపవలసిన సందర్భం ఇదొక్కటే.

• యాంటీబాడీ పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే అంకెలను పోల్చడం కష్టం.

• జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే ముందే చెప్పండి. రిపోర్టు తప్పుగా రావచ్చు.

• రిపోర్టులన్నీ ఒక ఫైలులో దాచండి. ఆడపిల్ల పెద్దదై గర్భం దాల్చినప్పుడు అవి మళ్లీ అవసరమవుతాయి. ఈ యాంటీబాడీలు తల్లి నుంచి కడుపులోని బిడ్డకు చేరగలవు.